డ్రమ్ మేజర్ కండక్టింగ్: బీట్ స్పష్టంగా ఉండాలా, చూడముచ్చటగా ఉండాలా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను. రాబోయే సీజన్‌కు మిమ్మల్ని డ్రమ్ మేజర్‌గా, అంటే నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండ్‌కు చేతులతో బీట్ చూపి నడిపించే వ్యక్తిగా, ఎంపిక చేశారు. ఎంపిక రోజున మీ కండక్టింగ్ చూసిన ఇద్దరు నిర్ణేతల్లో ఒకరు "బీట్ బాగానే ఉంది, కానీ చప్పగా ఉంది" అని రాస్తే, మరొకరు "హంగు ఎక్కువైంది, బీట్ కనబడటం లేదు" అని రాశారు. ఇద్దరూ చూసింది అవే నాలుగు నిమిషాలు. ఎవరి మాట వినాలి, సొంత శైలి ఎలా ఏర్పరచుకోవాలి, సెల్యూట్‌లో ఎంతవరకు విన్యాసం పెట్టవచ్చు, మేస్ (డ్రమ్ మేజర్ చేతిలో ఉండే పొడవైన దండం) తిప్పడం నేర్చుకోవాలా అన్నవి మీ సందేహాలు. నేను మూడు సీజన్లు డ్రమ్ మేజర్‌గా పోడియం (కండక్ట్ చేసేవారు నిలబడే ఎత్తైన దిమ్మ) ఎక్కి, ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా డ్రమ్ మేజర్లకు శిక్షణ ఇస్తున్నాను కాబట్టి ఆ అనుభవం మేరకు జవాబు రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే ఇద్దరి మాటా వినండి, ఎందుకంటే ఇద్దరూ ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చూశారు. మీ చేతి కదలికకూ వినిపిస్తున్న సంగీతానికీ మధ్య సంబంధం తెగిపోయి ఉంటుంది. సంగీతం బరువుగా ఉన్నచోట చెయ్యి మామూలుగా ఊగి ఉంటుంది, అది ఒకరికి చప్పగా కనిపించింది. సంగీతం ఏమీ అడగనిచోట చెయ్యి గిరికీలు కొట్టి ఉంటుంది, అది మరొకరికి అతిగా తోచింది. బ్యాండ్ వాయిస్తున్నంతసేపు మీ ప్రతి కదలికా వాయించేవారికి ఏదో ఒక విషయం తెలియజేయాలి. కేవలం ప్రేక్షకుల కోసం చేసే విన్యాసం బ్యాండ్‌కు మీ చేతులతో అవసరం లేని క్షణాల్లోనే ఉండాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సూత్రానికి వివరణే.

ముందు బీట్ సంగతి చూద్దాం. చెయ్యి కిందికి వచ్చి తాకినట్టుగా ఆగి తిరిగి లేచే బిందువును ఇక్టస్ అంటాము. వాయించేవారి కన్ను వెతికేది ఆ బిందువునే. ఇక్టస్ తర్వాత చెయ్యి పైకి లేవడం రీబౌండ్. ఆ రీబౌండ్ పైకొసకు చేరే క్షణమే సగం బీట్, అంటే "ఒకటి‑అండ్" లోని "అండ్". కొత్తవారిలో నేను తరచుగా చూసే తప్పు రీబౌండ్‌లో రెండోసారి చిన్నగా ఎగరడం. మణికట్టు వదులుగా ఉండటం వల్ల చెయ్యి లేస్తూ మధ్యలో ఒక కుదుపు ఇస్తుంది. దగ్గర నుంచి చూసేవారికి అది ఒయ్యారంగానే కనిపిస్తుంది గానీ, దూరాన నిలబడిన వాద్యకారుడికి అక్కడ రెండు ఇక్టస్‌లు కనిపిస్తాయి, ఏది అసలు బీటో తేలదు. "హంగు ఎక్కువైంది" అన్న నిర్ణేత చూసింది బహుశా ఇదే కావచ్చు. ఇక్టస్ దగ్గర అలంకారం పనికిరాదు. అలంకారం చేయదలచుకుంటే ఒక ఇక్టస్ నుంచి మరో ఇక్టస్‌కు వెళ్లే దారిలో చేయండి. ఆ దారి గుండ్రంగా ఉందా, నిటారుగా ఉందా, మెత్తగా సాగిందా, తెగగొట్టినట్టు ఉందా అన్నదే మీ శైలి.

నాలుగు బీట్ల నమూనాలో చెయ్యి కిందికి, లోపలికి, బయటికి, పైకి వెళుతుందని మీకు తెలిసే ఉంటుంది. మార్చింగ్‌లో దీనికి ఒక చిన్న సవరణ ఉంది. కచేరీ వేదిక మీద నాలుగు ఇక్టస్‌లు కొంచెం కొంచెం వేర్వేరు ఎత్తుల్లో పడినా నష్టం లేదు, ఎందుకంటే చూసేవారు పది మీటర్లలోపే ఉంటారు. మైదానంలో మాత్రం నాలుగూ ఒకే అడ్డగీత మీద, సుమారు రొమ్ము ఎముక ఎత్తులో పడాలి. దూరం నుంచి చూసేవారికి చేతి ఆకారం కనిపించదు, చెయ్యి ఆ గీతను తాకిన క్షణం మాత్రమే కనిపిస్తుంది. అద్దం మీద ఆ ఎత్తులో నల్లటి టేపు అడ్డంగా అతికించి, మెట్రోనోమ్‌ను (సమాన వేగంతో టిక్కుమనే లయ యంత్రాన్ని) నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి, ప్రతి బీట్‌కూ వేళ్ల కొసలు టేపు మీదే పడుతున్నాయా అని చూసుకోండి. నిమిషానికి 60 విసుగు పుట్టిస్తుంది, నిజమే. అయితే చెయ్యి తప్పు చేస్తే దాక్కునే చోటు ఆ వేగంలో ఉండదు.

ఇప్పుడు, డ్రమ్ మేజర్ పని మిగతా కండక్టర్ల పనికి ఎక్కడ వేరుపడుతుందో చెప్పాలి, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకోకుండా శైలి గురించి మాట్లాడటం వృథా. ఈ ప్రదర్శనలు జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం 100 గజాల పొడవు, 53 గజాల పైచిలుకు వెడల్పు ఉంటుంది. మీ పోడియం ముందువైపు సైడ్‌లైన్ మీద, సరిగ్గా మధ్యలో, 50 గజాల గీత దగ్గర ఉంటుంది. వెనుక మూలలో నిలబడిన ట్రంపెట్ వాద్యకారుడు మీకు దాదాపు 73 గజాల దూరంలో, అంటే 67 మీటర్ల దూరంలో ఉన్నట్టు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి అతను వాయించిన స్వరం మీ చెవికి చేరడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. నిమిషానికి 160 బీట్ల వేగంలో ఒక్కో బీట్ 0.375 సెకన్లే. అంటే అతను మీ చేతితో సరిగ్గా కలిసి వాయించినా, మీకు అది సగం బీట్ ఆలస్యంగా వినిపిస్తుంది. మీ చెయ్యి మాత్రం అతనికి తక్షణమే కనిపిస్తుంది.

ఈ లెక్క నాకు మొదటి సీజన్‌లో ఎవరూ చెప్పలేదు. ఒక పోటీలో రెండో పాట మధ్యలో ఎడమవైపు బ్రాస్ (ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాలు) వెనకబడుతున్నట్టు నాకు వినిపించింది. వారికి సాయం చేద్దామని చేతిని కొంచెం ఆపాను. వారు నా చెయ్యి చూసి మరికొంచెం ఆగారు, అది నా చెవికి ఇంకా ఆలస్యంగా వచ్చింది, నేను మళ్లీ ఆగాను. వెనుకనున్న స్నేర్ డ్రమ్ములు మాత్రం తమ వేగాన తాము వెళ్లిపోయాయి. ఎనిమిది బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవృతం) గడిచేసరికి మైదానంలో రెండు బ్యాండ్లు ఉన్నాయి. ఆ రోజు నా ముఖంలో భావం, నిలబడిన తీరు బాగున్నాయని ఒక నిర్ణేత మెచ్చుకున్నారు కూడా. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకే మైదానంలో చెవిని నమ్మకండి, కంటిని నమ్మండి. బ్యాటరీ, అంటే నడుస్తూ వాయించే డ్రమ్ముల బృందం, వాయిస్తున్నంతసేపు మధ్యలో ఉండే స్నేర్ వాద్యకారుడి పాదాలను చూడండి. ఎడమ కాలు నేలను తాకే క్షణమూ మీ ఇక్టస్సూ ఒకటి కావాలి. బ్యాటరీ సాధారణంగా మైదానం మధ్య వెనుకభాగంలో ఉంటుంది కాబట్టి ముందున్నవారు వెనుకనుంచి వచ్చే శబ్దాన్ని విని దానితో కలుస్తారు, అప్పుడు ప్రేక్షకుల దగ్గరికి అన్నీ ఒకేసారి చేరతాయి. పోడియం పక్కనే కదలకుండా నిలబడి వాయించే తాళవాద్యాల బృందం, అంటే ఫ్రంట్ ఎన్‌సెంబుల్, మీ చెయ్యి చూసి వాయిస్తే ముందుకు దూకుతుంది. వారు మీ చేతిని పట్టించుకోకుండా వెనక్కి వింటూ వాయిస్తే మీరు నొచ్చుకోకూడదు. సాధనలో మెట్రోనోమ్ స్పీకర్‌ను మీ దగ్గర కాకుండా బ్యాండ్ వెనుక పెట్టేది కూడా ఈ కారణానికే. బ్యాటరీ మోగని చోట్ల, అంటే నెమ్మది పాటల్లో, చెదిరిన అమరికల్లో మాత్రం అందరూ మీ చేతి మీదే ఆధారపడతారు. మీ పాటల్లో అలాంటి బార్లు ఏవో ముందే గుర్తించి స్కోర్‌లో (సంగీతం రాసిన ప్రతిలో) రంగు పెన్సిల్‌తో గీసుకోండి. ఆ బార్లలో ఒక్క అలంకారం కూడా వద్దు.

వేగానికీ నమూనా పరిమాణానికీ ఉన్న సంబంధం దగ్గర చాలామంది పొరబడతారు. ఉత్సాహం పెరిగేకొద్దీ చేతులు పెద్దవి చేస్తారు. వేగం పెరిగినప్పుడు అదే దూరాన్ని చెయ్యి తక్కువ సమయంలో దాటాలి, దాటలేక ఇక్టస్‌కు ఆలస్యంగా చేరుతుంది, లేదా భయంతో ముందే చేరుతుంది. కాబట్టి వేగం పెరిగితే నమూనా చిన్నదవ్వాలి. నిమిషానికి 180 దాటితే నాలుగు బీట్ల నమూనా వదిలి, బార్‌కు రెండు బీట్లుగా చూపడం మేలు. మరి అంత వేగంలో ఫోర్టిస్సిమో (చాలా గట్టిగా వాయించాల్సిన భాగం) వస్తే ఏం చేయాలి? అక్కడ పరిమాణాన్ని కాకుండా బరువును వాడండి. బరువు అంటే చెయ్యి ఇక్టస్‌లోకి ఎంత గట్టిగా దిగుతుందన్నది. బల్ల మీద పిడికిలితో కొట్టడానికీ, అదే బల్ల మీద వేలితో తట్టడానికీ చెయ్యి వెళ్లే దూరం ఒకటే కావచ్చు, కానీ కండరాల బిగువు వేరు. ఆ బిగువు దూరానికి కూడా కనిపిస్తుందని మొదట నేను నమ్మలేదు. వీడియో తీసి చూశాక నమ్మాను.

ఎడమ చేతి గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. చాలామంది డ్రమ్ మేజర్లు రెండు చేతులనూ అద్దంలో బింబంలా ఒకేలా ఆడిస్తారు. మైదానం విశాలం కాబట్టి రెండు చేతులుంటే బీట్ అందరికీ కనిపిస్తుందన్నది సబబైన కారణమే, వేగమైన పాటల్లో నేనూ అలాగే చేయమంటాను. కానీ పాటంతా అలాగే సాగితే మీరు మెట్రోనోమ్‌కు యూనిఫామ్ తొడిగినట్టు ఉంటారు. శబ్దం క్రమంగా పెరగాల్సిన చోట ఎడమ అరచేయి పైకి తిరిగి నాలుగు బార్లలో నడుము దగ్గర నుంచి భుజం దాకా లేవాలి. ఒక విభాగం ప్రవేశించే చోట దానికి రెండు బీట్ల ముందు ఎడమ చెయ్యి అటు చాచి ఉండాలి. క్యూ అనేది "ఇప్పుడు వాయించు" అని చెప్పడం కాదు, "ఊపిరి తీసుకో, నీ వంతు వస్తోంది" అని చెప్పడం. ప్రవేశం జరిగిపోయాక వేలు చూపించడం ప్రేక్షకుల కోసమే, వాయించేవారు లోలోపల నవ్వుకుంటారు. "చప్పగా ఉంది" అన్న నిర్ణేతను ఒప్పించే దారి ఇదే. మీ ఎడమ చేతికి పని కల్పించండి, దానితోపాటే ఆకర్షణ వస్తుంది.

ముఖం గురించి రెండు మాటలు. పాట మొదటి బార్‌కు ముందు మీరు బ్యాండ్‌తో కలిసి నోటితో ఊపిరి తీసుకోవాలి, అది వారికి కనిపించాలి. ప్రిపరేటరీ బీట్ (పాట మొదలవడానికి ముందు సిద్ధం చేసే బీట్) చేతితో మాత్రమే ఇస్తే బీట్ దొరుకుతుంది గానీ, ఊపిరితో కలిపి ఇస్తే స్వరం మొదలయ్యే తీరు కూడా వారికి తెలుస్తుంది. మిగతా భావాలన్నీ సంగీతం మీలో నిజంగా కదిలితే వాటంతటవే వస్తాయి. అద్దం ముందు భావాలు సాధన చేయడం నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇక మీరు అడిగిన సెల్యూట్. పోటీల్లో సాధారణంగా వ్యాఖ్యాత బ్యాండ్ సిద్ధంగా ఉందా అని డ్రమ్ మేజర్‌ను అడుగుతారు, సెల్యూట్ దానికి జవాబు. ఆ కొద్ది క్షణాలు బ్యాండ్ నిశ్చలంగా ఉంటుంది, ఎవరికీ మీ బీట్ అవసరం లేదు. కాబట్టి విన్యాసానికి అసలైన చోటు ఇదే, ఇక్కడ వెనకాడకండి. అయితే నా లెక్కలో సెల్యూట్ 12 కౌంట్లు మించకూడదు, అందులో ఆలోచన ఒక్కటే ఉండాలి. మూడు గిరికీలు, ఒక మోకాలి వంపు, ఒక గాలి గీత, చివరికి సెల్యూట్ అని పేర్చుకుంటూ పోతే ప్రేక్షకుడికి ఏదీ గుర్తుండదు. మీ షో ఇతివృత్తం గడియారమైతే చెయ్యి లోలకంలా రెండుసార్లు ఊగి కనుబొమ దగ్గర టక్కున ఆగితే చాలు. కదలిక ముగిశాక రెండు కౌంట్లు కదలకుండా ఉండటం తప్పనిసరి. చప్పట్లు వచ్చేది కదలికకు కాదు, ఆ ఆగడానికి. వేళ్లు కలిసి ఉండాలి, అరచేయి బల్లపరుపుగా ఉండాలి, మోచేయి ముందుకు కుంగకూడదు. ఇద్దరు ముగ్గురు డ్రమ్ మేజర్లు ఉంటే, సెల్యూట్ ఎంత సాదాగా ఉంటే అంత కలిసి వస్తుంది.

నా దగ్గర శిక్షణ పొందిన ఒక అమ్మాయి చాలా మితభాషి. ఆమె బ్యాచ్‌లో అందరూ మెడ విరుచుకుని విన్యాసాలు సాధన చేస్తుంటే, తనకు అవి అతకడం లేదని బాధపడేది. ఆమెను నేను ఒక్కటే అడిగాను: పోడియం ఎక్కాక చేతులు లేపడానికి ముందు ఎన్ని సెకన్లు కదలకుండా నిలబడగలవు? ఆ సీజన్ అంతా ఆమె విన్యాసం అదే. మెట్లు ఎక్కేది, తిరిగేది, బ్యాండ్‌ను ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ఒక్కసారి చూసేది, ఆపైన నాలుగు కౌంట్లు శిలలా నిలబడేది. స్టేడియంలో మాటలు ఆగిపోయేవి. చేతులు లేచాక ఆమె నమూనా అందరికంటే చిన్నది. తర్వాతి ఏడాది వచ్చిన మరో అబ్బాయికి ఇదే చెబితే అతనికి ఏమాత్రం నప్పలేదు, కాళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి. అతనికి పరుగెత్తుకుంటూ పోడియం ఎక్కే ప్రవేశం నప్పింది. శైలి అనేది ఇలా మనిషి స్వభావాన్ని బట్టి తేలేదే తప్ప, ఒకరిది చూసి ఇంకొకరు తొడుక్కునేది కాదు.

పైన చెప్పినదానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. నేను మాట్లాడుతున్నది ప్రధానంగా పోటీ మైదానంలో, పోడియం మీద నిలబడే డ్రమ్ మేజర్ గురించి. మీ బ్యాండ్ వేరే సంప్రదాయానికి చెందినదైతే కొలమానం మారిపోతుంది. అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కోసం చరిత్రలో ఏర్పడిన కళాశాలల బ్యాండ్లనే చూడండి. విలియమ్ పి. ఫోస్టర్ 1946 నుంచి 1998 వరకు నడిపించిన ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయపు మార్చింగ్ 100 లాంటి బ్యాండ్లలో మోకాళ్లు ఎత్తి నడిచే నడక, వెనక్కి విల్లులా వంగడం, నృత్యం డ్రమ్ మేజర్ పనిలో భాగాలే. అక్కడ వాటిని "హంగు" అని కొట్టిపారేయడం తెలియనితనం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు బ్యాండ్‌లో డ్రమ్ మేజర్ మైదానంలోకి దూసుకొచ్చి, టోపీ మీది ఈకల కుచ్చు నేలను తాకేదాకా వెనక్కి వంగుతాడు. 1936 నుంచి వారు చేస్తున్న స్క్రిప్ట్ ఒహాయోలో (మైదానం మీద నడుస్తూ "Ohio" అని కలిపిరాతలో రాసే విన్యాసంలో) ఒంటి వరుసగా సాగే బ్యాండ్‌కు ముందు నడిచేదీ అతనే. మరోవైపు సైనిక బ్యాండ్లలో, ఉదాహరణకు అమెరికా మెరీన్ బ్యాండ్‌లో, ఎలుగు చర్మపు టోపీ, మేస్‌తో కవాతులో ముందు నడిచే డ్రమ్ మేజర్ ఒక్క అనవసరపు కదలిక కూడా చేయడు, ఆ నిగ్రహమే అక్కడి దర్జా. ఈ మూడింటిలోనూ నా సూత్రం చెల్లుతుందనే అనుకుంటున్నాను. వెనక్కి వంగేటప్పుడు కూడా బ్యాండ్ అతని చేతి కోసం చూడటం లేదు, డ్రమ్ములే లయను మోస్తున్నాయి. కాకపోతే ఆ క్షణాల నిష్పత్తి సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. మీ డైరెక్టర్‌ను ఈ విషయం మొదటి వారంలోనే అడగండి.

మేస్ నేర్చుకోవాలా అన్నారు. మీ బ్యాండ్ వీధి కవాతులకు వెళ్లేదైతే నేర్చుకోవాలి, లేకపోతే తొందర లేదు. మేస్ అసలు పని మాటలేకుండా ఆజ్ఞలివ్వడం: బయలుదేరమనడం, ఆగమనడం, తిరగమనడం, వాయిద్యం ఆపమనడం. మీ వెనుకున్నవారికి మీ వీపు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి, సంకేతం చివరి వరుసకు కూడా కనిపించేంత ఎత్తులో, అమలుకు తగినంత ముందుగా ఇవ్వాలి. తిప్పడం, ఎగరేయడం ఆ తర్వాతి పాఠం. నేను ఆ క్రమం పాటించలేదు. ఒక కవాతులో జనం కేకలకు పొంగిపోయి మేస్‌ను పైకి ఎగరేశాను. పైన అడ్డంగా వెళుతున్న తీగను నేను చూడలేదు. మేస్ తీగకు తగిలి పక్కకు పడింది, నేను దానికోసం వంగిన క్షణంలోనే మలుపు వచ్చింది. మొదటి నాలుగు వరుసలు దారి తెలిసి కుడికి తిరిగాయి, మిగతా బ్యాండ్ నేరుగా వెళ్లిపోయింది. ట్రాంబోన్లను వెనక్కి పిలుచుకురావడానికి రెండు నిమిషాలు పట్టింది. మలుపు దగ్గర, తీగల కింద, తడి నేల మీద, ఎదురుగాలిలో మేస్‌ను ఎగరేయకండి. సాధన గడ్డి మీద మొదలుపెట్టండి, కాంక్రీట్ మీద పడితే మేస్ వంగిపోతుంది.

ఒకరికంటే ఎక్కువమంది డ్రమ్ మేజర్లు ఉంటే ఒక నియమం తప్పనిసరి. పక్క పోడియాల మీద ఉన్నవారు బ్యాండ్‌ను వినకుండా, మధ్యలో ఉన్నవారి చేతిని మాత్రమే చూసి కదలాలి. వారు చెవితో కలవాలని చూస్తే మైదానం మీద మూడు బీట్లు కనిపిస్తాయి. బ్యాండ్ వెనక్కి తిరిగి వాయించే భాగాల కోసం వెనుకవైపు ఒకరిని నిలబెడతారు. వారికి కూడా ఇదే నియమం. నమూనా ఆకారం, రీబౌండ్ ఎత్తు, చివరి స్వరాన్ని తెంపే పద్ధతి సీజన్ మొదట్లోనే కూర్చుని ఒప్పందానికి రావాలి. ఎవరి చెయ్యి అందంగా ఉందన్నది ఇక్కడ అప్రస్తుతం.

సాధన గురించి చెప్పాలంటే, నా విద్యార్థులకు నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ఫోన్‌ను జూమ్ లేకుండా 60 గజాల దూరంలో పెట్టి మీ కండక్టింగ్‌ను రికార్డు చేయండి. తర్వాత శబ్దం పూర్తిగా తీసేసి, మీ పాట తెలియని ఎవరికైనా చూపించి రెండు విషయాలు అడగండి: బీట్‌తో కలిపి చప్పట్లు కొట్టగలరా, పాట ఎక్కడ పెద్దదైందో, ఎక్కడ మెత్తబడిందో చెప్పగలరా? మొదటిది చేయలేకపోతే మీ రెండో నిర్ణేత చెప్పింది నిజం. రెండోది చెప్పలేకపోతే మొదటి నిర్ణేత చెప్పింది నిజం. ఆ దూరంలో మీరు తెర మీద చిటికెన వేలి గోరంత కనిపిస్తారు. అద్దం ముందు గొప్పగా అనిపించిన వేళ్ల విరుపులు, మణికట్టు తిప్పుళ్లు అందులో ఏవీ ఉండవు. భుజం నుంచి, మోచేయి నుంచి వచ్చిన కదలికలే మిగులుతాయి. ముదురు రంగు యూనిఫామ్ మీద తెల్ల గ్లోవ్స్ ఎందుకు వేసుకుంటారో ఆ వీడియో చూస్తే అర్థమవుతుంది. యూనిఫామ్ లేత రంగులో ఉంటే గ్లోవ్స్ ముదురు రంగులో తీసుకోండి.

శరీరం విషయంలో అశ్రద్ధ చేయకండి. పోడియం మీద మోకాళ్లను గట్టిగా బిగించి ఎక్కువసేపు నిలబడితే కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి. నా ఎదుటే ఒకరు పడిపోయారు, అదృష్టవశాత్తు వెనుక రెయిలింగ్ ఉంది. మోకాళ్లు కొద్దిగా సడలి ఉండాలి, కానీ బీట్‌కు ఊగకూడదు. మోకాలు ఊగితే అది కూడా ఇంకో ఇక్టస్ అయిపోతుంది. మోచేతులు పక్కలకు ఎగరకుండా శరీరానికి కొంచెం ముందుగా ఉంటే భుజాల మీద భారం తగ్గుతుంది. గంటన్నర సాధన ఉంటే ప్రతి 20 నిమిషాలకు సహచరులతో స్థానం మార్చుకోండి.

మీకు సీజన్ మొదలవడానికి ఇంకా సమయం ఉంది కాబట్టి ఇలా సాగితే బాగుంటుంది. మొదటి రెండు వారాలు ఎడమ చేతిని వీపు వెనుక పెట్టుకుని, మీ షోలోని నెమ్మది పాటను కుడి చేతితో మాత్రమే కండక్ట్ చేయండి. పాటలోని హెచ్చుతగ్గులు ఆ ఒక్క చేతిలో కనిపించేదాకా ఎడమ చేతిని బయటకు తీయకండి. మూడో వారంలో ఎడమ చేతిని తీసి క్యూలు, శబ్దం పెరిగే చోట్లు మాత్రమే ఇవ్వండి. వేగమైన పాటలు నాలుగో వారంలో మొదలుపెట్టండి. సెల్యూట్ కూర్చే పనిని అన్నిటికంటే చివరన పెట్టుకోండి, అప్పటికి మీ చేతులు ఏ రకమైనవో మీకే కొంత తెలిసి ఉంటుంది. నిర్ణేతల కాగితాలు రెండూ జాగ్రత్త చేసి, నాలుగో వారం చివర తీసిన వీడియో పక్కన పెట్టి మరోసారి చదవండి.